మూడు మాత్రం కొట్టమాక

పాసయ్యాను! డిగ్రీ పాసయ్యాను, ఫస్ట్ క్లాసు! మా ఇంటిపేరున్న వాళ్ళెవరూ ఇంతవరకు పదో తరగతి దాటలేదు. ఇప్పుడు ఆ పేరు పక్కన బీఎస్సీ అని రాసుకోవచ్చు. రాసుకున్నాను కూడా, మిరపకాయల గోతం మీద, బొగ్గుతో.

పదకొండింటికి ఫలితాలన్నారు. మా కళ్ళంలో సిగ్నలు రెండు గీతలు దొరికేది గోతాల దొంతర మీదే. ఎక్కి కూర్చున్నాను. సైటు అరగంట తిరిగి తిరిగి తెరుచుకుంది. కింద అమ్మ తాలుకాయలు ఏరుతోంది.

"అమ్మా! పాసయ్యా!"

"నిజంగానా? ఏదీ, చూపియ్యి. నా చేతులు కారమే, నేను పట్టుకోను. నువ్వే పట్టు."

దిగి ఆమె కళ్ళ ముందు పెట్టాను. అమ్మకు చదువు రాదు. "ఇందులో నీ పేరేది?" అంది. చూపించాను. పట్టుకోనన్న మనిషి ఉండబట్టలేక నా పేరు మీద వేలు పెట్టి నిమిరింది. ఆ తెర తుడిచిన చేత్తోనే నేను కళ్ళు తుడుచుకున్నాను. ఇక చూసుకోండి! ఏడుపేదో మంటేదో తెలియలేదు. కళ్ళు మూసుకుపోయినా వేలికి దారి తెలుసు కాబట్టి అది తనంతట తాను ఒక నంబరు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

పెదనాయన.

నొక్కబోయి ఆగాను. ఆయన పోయి ఏడు నెలలు.

నాకు చుట్టం కాదు. మా ఎదురిల్లు, వీధి వరసకు పెదనాయన. గురజాలకూ మాచర్లకూ మధ్యలో ఉన్న మా ఊళ్ళో ఆయన పేరు చెబితే తెలియని వాళ్ళుంటారేమో గానీ, ఎనిమిది వేళ్ళాయన అంటే పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వయసులో ఉండగా నాటుబాంబు చుడుతుంటే పోయాయి. ఆ సంగతి దాచేవాడు కాదు, గొప్పగానూ చెప్పేవాడు కాదు. ఎద్దు పొడిచింది అన్నట్టు చెప్పేవాడు.

రేషను ఇచ్చే చోట నెలనెలా ఇదే తంతు.

"బొటనేలు పెట్టు పెద్దాయనా."

"అది నాకంటే ముందే పోయిందిరా. యాడుందో తెలిస్తే పిలిపిచ్చేవాణ్ణి."

"మిగతావన్నీ అరిగిపొయ్యాయి, పడట్లా."

"మనిషిని ఎదురుగా నిలబడి ఉంటే ఏలు చెబితేగానీ నేను నేను కాదంటావు. నీ మిషను కంటే మా కుక్క నయం గదరా, వాసన చూసి తోకన్నా ఆడిస్తది."

ఆయన చేతిలో ఎప్పుడూ బొత్తాల ఫోనే, రబ్బరు బ్యాండు చుట్టి. టచ్ ఫోను ఆయన వేళ్ళకు లొంగలేదు. ఇక ఆ బొత్తాల ఫోను మోగితే ఎత్తేవాడు కాదు. మోగిన లెక్క మాత్రం వినేవాడు. ఎందుకు ఎత్తవంటే, "ఎత్తితే మాట్టాడాల. మాట్టాడితే కోపమొస్తది. కోపమొస్తే ఆడికి పోవాల. ఎందుకొచ్చిన తిరుగుడే?" అనేవాడు.

లెక్క వినడం వెనకటి అలవాటు. మా ఊళ్ళో పై వీధికీ కింద వీధికీ పడదు. ఓట్ల దగ్గర మొదలైందో, కాలవ నీళ్ళ దగ్గర మొదలైందో చెప్పగలిగిన వాళ్ళు ఇప్పుడు లేరు. నరుక్కోవడం మాత్రం మిగిలింది. ఊళ్ళో మొదటి సెల్లు పెదనాయనదే, తర్వాత ఆయన మనుషులవి. మాట్లాడితే ఖర్చు, పైగా ఎవరన్నా వింటారని భయం. అందుకని మిస్డ్ కాల్స్‌తో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఒకటంటే చేరినట్టు. రెండంటే అడ్డం తగిలింది, ఆలస్యమవుతుంది. మూడంటే చేతికి దొరికింది పట్టుకొని బయల్దేరమని.

ఒక మిట్టమధ్యాహ్నం పత్తిచేలో ఆకులు కదిలితే కింద వీధి వాళ్ళు పొంచి ఉన్నారనుకొని పెదనాయన మూడు కొట్టాడు. చేలో ఉన్నవి మేకలు. కానీ ఆయన తమ్ముడు అందరికంటే ముందు పరుగెత్తాడు. రోడ్డు మీద తూము దగ్గర కింద వీధి వాళ్ళు నిజంగానే ఎదురయ్యారు. ఒక్కడే దొరికాడు. కందికట్టె నరికినట్టు నరికారు. మనిషిని దుప్పట్లో పోగుచేసి తెచ్చారని మా అమ్మ చెబుతుంది. పెదనాయన చెప్పింది మాత్రం ఇంతే: "మూడు కొట్టింది నేనే. మూడోది పూర్తిగా మోగనియ్యకుండానే లేచాడంట, మా పెద్దమ్మి చూసింది." పెద్దమ్మి అంటే ఆయన భార్య, నాకు పెద్దమ్మ.

ఆ తర్వాత గొడ్డలి అటకెక్కింది. లెక్క మాత్రం చెవిలో ఉండిపోయింది.

నేను మాచర్ల కాలేజీలో చేరిన రోజు బస్సు కోసం నిలబడి ఉంటే పిలిచాడు.

"అమ్మాయ్, నీ ఫోను దే."

మధ్యవేలితో తన నంబరు నొక్కాడు. ఒక్కో అంకె కుట్టుపని చేసినట్టు.

"మాచర్లలో దిగంగానే ఒకటి కొట్టు. ఒకటంటే చేరినట్టు. మీ నాన్న చేలో ఉంటాడు, ఆయనకు ఫోను లేదు గదా, నేను చెబుతా. బస్సు తప్పిందనుకో, రెండు కొట్టు. మూడు మాత్రం కొట్టమాక."

"కొడితే?"

తన కుడిచెయ్యి వంక చూసుకున్నాడు.

"కొడితే నేనొస్తా. నేను రాకూడదమ్మాయ్."

రెండేళ్ళ పైన అదే పద్ధతి. నేను మాచర్లలో దిగి ఒకటి కొట్టేదాన్ని. ఆయన గట్టు మీదికి నడిచి చెయ్యెత్తేవాడు. చేలో మా నాన్న ఆ చెయ్యి చూసి మళ్ళీ పాదుల్లోకి వంగేవాడు. ఈలోగా నాకు టచ్ ఫోను వచ్చింది, నెలంతా మాట్లాడుకోవచ్చు, వీడియోలో మొహాలు చూసుకోవచ్చు. అయినా ఆయనతో నా ముచ్చట ఆ ఒక్క రింగే.

ఫోన్లు ఊరంతా వచ్చాయి. 'మన ఊరు' అని ఒక గ్రూపు పెట్టారు. వారానికే తిట్టుకొని రెండుగా చీల్చారు, పై వీధికొకటి, కింద వీధికొకటి. అడ్మిన్లు గ్రూపు నుంచి తీసేసినందుకు తలలు పగలగొట్టుకున్నారు. ఎక్కడో ఎవరో ఎవర్నో కొట్టిన వీడియో తెచ్చి, 'రేపు మీకూ ఇదే' అని రాసి పంపేవాళ్ళు. ఇంతకుముందు కర్రలు తీయాలంటే కబురు నడిచి వెళ్ళాలి, ఆ నడకలో సగం కోపం చల్లారేది. ఇప్పుడు టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు ముప్ఫై మంది దిగుతున్నారు. పెదనాయన అరుగు మీద కూర్చొని అనేవాడు: "మా రోజుల్లో తిట్టినోడి మొహం కనపడేది. తిట్టినాక ఆడ నిలబడాల. ఈళ్ళు తిట్టి దుప్పట్లో దూరతన్నారు. దుప్పట్లోంచి తిట్టేవోడికి భయమేందో తెలవదురా, ఆడే చానా ప్రమాదం."

ఒకసారి నేను బస్సు దిగుతూ మెట్టు మీద నుంచి జారి బురదలో పడ్డాను. కింద వీధి అబ్బాయి ఒకడు, పాలిటెక్నిక్ మానేసి తిరుగుతున్నవాడు, వీడియో తీసి పాట కలిపి స్టేటస్ పెట్టాడు. గంటలో మా వీధి వాళ్ళు కర్రలు తీశారు. నేను తలుపేసుకొని కూర్చున్నాను, చదువు మాన్పిస్తారనే భయంతో. నాన్న ఇంట్లో ఆ మాట అననే అన్నాడు: "నాలుగు నెత్తురు చుక్కలు పడ్డాక ఇంక బస్సెక్కేదేంది? వద్దు, మానుకో."

పెదనాయన కర్రల వాళ్ళను అరుగు దగ్గరే ఆపాడు. ఒక్కడే అటక మీది గొడ్డలి తీసుకొని కింద వీధికి నడిచాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆయన ఆ వీధిలో అడుగుపెట్టడం అదే మొదలు. ఆ అబ్బాయిని ఇంట్లోంచి పిలిచి, వాళ్ళమ్మ ముందు ఆ వీడియో మొత్తం వేయించాడు.

"ఏమ్మా, బాగుందా? ఇంకోసారి ఎయ్యమంటావా?"

ఆమె కొడుకు చెంప ఛెళ్ళుమనిపించింది.

"ఫోను రోలు మీద పెట్టరా. చెయ్యి తియ్యమాక. అట్నే పట్టుకో."

గొడ్డలి తిప్పి మొండివైపుతో కొట్టాడు. ఫోను నుగ్గునుగ్గయ్యింది. అబ్బాయి అరిచిన అరుపు పై వీధికి వినిపించింది. చెయ్యి పోయిందనే అనుకున్నాం.

"ఏళ్ళు లెక్కపెట్టుకో. పది ఉండయ్యా?"

"ఉ... ఉండయ్."

"నాకెనిమిదే. పో, అన్నం తిను."

మర్నాడు నేను బస్సెక్కాను. ఒకటి కొట్టాను. ఆయన చెయ్యెత్తాడు.

ఇక మిగిలింది నేను చేసిన పని. ఇది ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

నాలుగో సెమిస్టరు మార్కులొచ్చిన రోజు. కాలేజీ ఫస్ట్ నేను! బోర్డు మీద నా పేరు చూడగానే కాళ్ళు నేల మీద ఆగలేదు. మొదట ఆయనకే చెప్పాలనిపించింది, నోటితో, గట్టిగా. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఎత్తకపోతే ఎత్తేదాకా చెయ్యడం మా ఈడు వాళ్ళకు ఊపిరి పీల్చినంత అలవాటు. మళ్ళీ చేశాను. చేలో ఉన్నాడేమోలే అనుకొని, మేడమ్ పిలుస్తుంటే ఫోను సైలెంట్‌లో పెట్టి సంచిలో పడేసి స్టేజీ ఎక్కాను. శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు.

అప్పటికి మా ఊళ్ళో మూడోది మోగి ఆగింది.

ఆయన నాకు తిరిగి ఫోన్ చేయించాడట, పక్కింటి వాళ్ళ చేత, పదకొండుసార్లు. నేను ఎత్తలేదు. అంతే. ట్రాక్టరు కట్టారు. తొట్టిలో పాతికమంది. ఎన్నడూ గేదెను కూడా అదిలించని మా నాన్న పలుగు పట్టుకొని ఎక్కాడు.

తూము దగ్గర మాచర్ల వైపు నుంచి బండి మీద ఎవరు ఎదురయ్యారంటే, ఆ స్టేటస్ పెట్టిన అబ్బాయే. అది చాలింది వాళ్ళకు.

నా బస్సు పావుగంట వెనక ఉంది. తూముకు ఇవతల ఆగిపోయింది. ముందు ట్రాక్టరు అడ్డం. కిటికీలోంచి చూశాను. ఆ అబ్బాయి మోకాళ్ళ మీద ఉన్నాడు. ఒక చెవి సగం ఊడి వేలాడుతోంది. పళ్ళు రోడ్డు మీద ఉమ్ముతున్నాడు. మా నాన్న వాడి జుట్టు పట్టుకొని ఉన్నాడు. ఆ చెయ్యి మా నాన్నదని నాకు వెంటనే తెలియలేదు. ఐదారుగురు చుట్టూ తిరుగుతూ ఫోన్లతో తీస్తున్నారు, ఒకడు లైవే పెట్టాడు. పెదనాయన ఎడంచేత్తో గొడ్డలి ఎత్తి ఉన్నాడు, ఈసారి పదునువైపు కిందికి.

"ఆఖరిసారి అడగతన్నా. అమ్మాయిని ఏం జేశార్రా?"

"అమ్మతోడు, నాకు తెలవదు..."

బస్సు ఆగీ ఆగకముందే దూకాను. చెప్పు తెగింది. ఏం అరవాలో తెలియక లోపల ఉన్నదే అరిచాను.

"పెదనాయనా! ఫస్టొచ్చా! కాలేజీ ఫస్టొచ్చా!"

అంతా ఆగిపోయింది. ఫోన్లు నా వైపు తిరిగాయి. శాలువా ఇంకా నా భుజాల మీదే ఉంది.

"ఏందంట?" అన్నాడు ట్రాక్టరు మీదివాడు.

"ఫస్టంట," అన్నాడు ఇంకొకడు.

పెదనాయన గొడ్డలి దించలేదు, అది దానంతట అదే దిగింది.

"మూడు కొట్టావు గదే!"

"నువ్వు ఎత్తకపోతేనూ... మళ్ళీ మళ్ళీ చేశా. చెబుదామని."

మా నాన్న జుట్టు వదిలేసి తన చెయ్యి చూసుకుంటూ కూలబడ్డాడు. పెదనాయన ఆ అబ్బాయి ముందు గొంతుక్కూర్చొని తలపాగా తీసి చెవికి అదిమి పట్టాడు. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆ లైవు కింద వీధికి చేరి పది నిమిషాలయ్యింది. గొడ్డలి దిగిన సంగతి వాళ్ళు చూడలేదు, ఎత్తింది చూసి బయల్దేరారు. బండ్ల మీద వచ్చారు, వస్తూనే రాళ్ళు. బస్సు అద్దాలు పగిలి ఆడవాళ్ళ ఒళ్ళో పడ్డాయి. పై వీధి వాళ్ళు చేల్లోకి పరుగెత్తారు. పెదనాయన కదల్లేదు. ఆ అబ్బాయి తలను పొట్టలో దాచుకొని, వాడి మీద వంగి కూర్చున్నాడు. వాళ్ళు వేసిన రాళ్ళు వాళ్ళ అబ్బాయికి తగలకుండా తన వీపు మీద పడనిచ్చాడు. ఒకటి ఎడమ కనుబొమ్మ మీద పడింది. కొబ్బరికాయ చప్పుడు.

అబ్బాయి ఆయన కిందనుంచి అరుస్తున్నాడు: "కొట్టమాకండి! నేను ఈడుండా! నన్ను కాపాడతన్నాడ్రా, కొట్టమాకండి!"

ఆ మాట వినపడేసరికి ఆయన కన్ను పోయింది.

మా పల్నాటిలో కొట్లాట కేసుకు సాక్షి దొరకడని వెనకటి మాట. ఈసారి పోలీసులకు ఆ ఇబ్బంది లేకపోయింది. ఎవరికి వాళ్ళే తమ మీద సాక్ష్యం వీడియో తీసి, పాట పెట్టి, గ్రూపుల్లో పంచి ఉన్నారు. మా నాన్న కూడా అందులో ఉన్నాడు. నరసరావుపేట ఆసుపత్రిలో ఎస్సై ఫోను తెచ్చి పెదనాయన ముందు పెట్టాడు.

"పెద్దాయనా, ఇదిగో చూడు. రాయి వేసింది ఎవరో చెప్పు, పేరు చాలు."

పెదనాయన ఫోనును దూరంగా, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఒక కన్ను లేదు సారు. రెండోది ఫోను ఎలుగుకు ఆనటంలా."

"ఊళ్ళో అందరికీ తెలిసిన మొహం గదయ్యా!"

"అందరినీ అడగండి మరి. నేను ఒక్క పేరు చెబితే రేపు ఇద్దరు పోతారు. నాకు లెక్క తెలుసు."

ఆ అబ్బాయి కూడా తన చెవి ఎవరు కోశారో చెప్పలేదు. ఆ రెండు నోళ్ళు మూసుకోవడంతో రాజీ కుదిరింది. మా నాన్న ఇంటికొచ్చాడు. పలుగు మళ్ళీ పట్టలేదు, చేలో పనికి కూడా పక్కవాళ్ళను తవ్వమంటాడు.

ఆసుపత్రిలో నేను మంచం దగ్గర నిలబడి ఏడ్చాను. శాలువా తీసుకెళ్ళి ఆయన కాళ్ళ మీద కప్పాను.

"తప్పు చేశా పెదనాయనా. మూడు..."

"ఏమే, ఏడవమాక. తప్పు నీది గాదు." కట్టు కింద నుంచి ఒంటికన్నుతో చూశాడు. "మూడంటే సంతోషం గూడా అవుద్దని నాకెవరూ చెప్పలా. యాభై ఏళ్ళు నెత్తురు లెక్కే నేర్చుకున్నా."

"ఇంకెప్పుడూ చెయ్యను."

"చెయ్యకపోతే ఎట్టా? డిగ్రీ పాసైన నాడు చెయ్యి. ఒకటే కొట్టు. ఒకటంటే చేరినట్టు. నాకు అర్థమైద్దిలే."

తర్వాత ఎనిమిది నెలలు బతికాడు. తలనొప్పి అని తలపాగా బిగించి కట్టుకొనేవాడు. ఒక మధ్యాహ్నం అన్నం తిని అరుగు మీద పడుకొని లేవలేదు. రాయి దెబ్బ వల్ల కాదు, గుండె అన్నాడు డాక్టరు. నేను డాక్టరు మాటే నమ్ముతున్నాను, నమ్మడం కష్టంగా ఉన్న రోజుల్లో కూడా. పాడె కింద వీధి మీదుగా పోనిచ్చారు. చెవికి కుట్లున్న అబ్బాయి ముందు కొమ్ము పట్టాడు. ఎవరూ వీడియో తియ్యలేదు.

ఆ బొత్తాల ఫోను పెద్దమ్మ దగ్గరుంది. రోజూ ఛార్జింగ్ పెడుతుంది, ఎవరు చేసినా ఎత్తదు. "నాకు ఎత్తటం రాదు, ఇనటం వచ్చు," అంటుంది.

కళ్ళ మంట తగ్గింది. ఇప్పుడు వరసగా ఫోన్లు మొదలుపెట్టాలి. ఇంకా చెప్పాల్సినవాళ్ళు:

నాన్న. చేలో ఉన్నాడు, ఇప్పుడు ఆయనకూ ఫోనుంది గానీ ఇంట్లో మర్చిపోయి వెళ్ళాడు. గట్టు మీదికి నడిచి చెయ్యెత్తితే సరి.

అక్క. చిలకలూరిపేట మిల్లులో షిఫ్టు దిగేదాకా ఫోను లోపలికి పోనివ్వరు, నాలుగు తర్వాత.

విజయపురి సౌత్ మామయ్య. స్పీకర్లో పెట్టి డ్యామ్ ఆఫీసంతా వినిపిస్తాడు, కాబట్టి ఏడవకూడదు.

శాలువా కప్పిన మేడమ్.

కింద వీధి అబ్బాయి. స్టేటస్ పెడతానంటాడు. పెట్టుకోమంటాను, పాట మాత్రం వద్దని.

పెదనాయన నంబరు. పెద్దమ్మ పక్కనే కూర్చొని ఉంటుంది. ఒక్కటి. ఒక్కటే.